మొదటి నలభై సీసాలు

మా వదినను పాల ఫ్యాక్టరీలో అందరూ 'ఇరవై నిమిషాలక్క' అనేవారు. చాటుగా పెట్టిన పేరు కాదది. ఎదురుగానే అలా పిలిచేవారు, ఆవిడ పలికేది.

ఆ పేరు రావడానికి కారణం వేడినీళ్ళు. పాలు నింపే గదిలో పొద్దున్న ఐదింటికి పని మొదలయ్యేది. మొదట పాలు రావు. గొట్టాలన్నిటిలోంచి సలసల కాగే నీళ్ళు పోనిస్తారు. గొట్టం మొదట్లో నీళ్ళు వేడిగా ఉంటే చాలదు, చిట్టచివర సీసాలోకి పాలు దిగే ముక్కు దగ్గర కూడా అంత వేడీ ఉండాలి, అక్కడ వేడి చూపే ముల్లు తొంభై అయిదు డిగ్రీలు దాటాక ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడాలి. చేతికి గడియారం పెట్టుకోవడం, గాజులు వేసుకోవడం ఆ గదిలో నిషిద్ధం. అద్దం అవతల గోడ గడియారం ఉండేది. ఆవిడ దానికి ఎదురుగా నిలబడి చూసేది. మిగతా రోజుల్లో, మిగతావాళ్ళ చేతుల్లో ఆ ఇరవై పదిహేనయ్యేది, పన్నెండయ్యేది.

"పాలకి గడియారం చూడటం వచ్చా ఏంటమ్మాయీ, కానివ్వు," అనేవాడట సీలు మేస్త్రీ.

"పాలకి రాదు బాబాయ్, పురుగుకి వచ్చు," అనేదట వదిన.

సీలు మేస్త్రీ అంటే ప్లాస్టిక్ సీసా మూతి మీద పల్చని రేకు అతికించే మిషను చూసుకునే మనిషి. వదినకు పని నేర్పింది ఆయనే. నోరు పెద్దది, మనసు ఎంతో చెప్పలేను.

ఆ పాలు ఫ్రిజ్ లేకుండా అరవై రోజులు నిలవ ఉండేవి. పంచదార, కోకో పొడి కలిపిన పాలు. మందు కలుపుతారని మా వీధిలో గట్టి నమ్మకం. వదినకు ఆ మాట వింటే ఒళ్ళు మండేది. "మందూ లేదు, మాకూ లేదు. పాలు బాగా కాగాలి, సీసా కడగాలి, మూత కడగాలి, ఆ మూడూ కలిసే చోట గాలి కూడా కడిగినట్టుండాలి. అంతే," అనేది. నేను ఒక్కసారి ఆ గది గుమ్మం దాకా వెళ్ళాను. తలుపు తీయగానే లోపలినుంచి గాలి మొహం మీదికి తోసుకొచ్చింది. బయటి గాలి లోపలికి రాకుండా లోపలి గాలినే ఎప్పుడూ బయటికి నెట్టుతూ ఉంటారట. తెల్లని టోపీ, నోటికి గుడ్డ, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, వాటి అడుగులు ముంచుకోవడానికి గుమ్మంలో మందునీళ్ళ తొట్టి. అన్నిటి మధ్య కళ్ళు మాత్రమే కనిపిస్తున్న ఆ మనిషి మా వదిన అని నిలబడ్డ తీరును బట్టి గుర్తుపట్టాను. ఇంట్లో ఎప్పుడూ ఒక పక్కకి ఒరిగి నిలబడే మనిషి అక్కడ నిటారుగా ఉంది.

ఇక నలభై సీసాల సంగతి. రేకు అతికించే మిషను ఇస్త్రీపెట్టె లాంటిది. పెట్టగానే కాగదు. ఆరు దాటగానే వచ్చే మొదటి నలభై సీసాలకు రేకు అతుక్కున్నట్టే కనబడుతుంది, వేలితో లాగినా రాదు, కానీ ఎక్కడో వెంట్రుకంత సందు ఉండొచ్చు. అందుకని ఆ నలభై మీదా తేదీ, టైము అచ్చు పడినా సరే, వాటిని కత్తితో కోసి పారబోయాలి. పారబోశానని మేస్త్రీ పుస్తకంలో సంతకం పెట్టాలి.

ఆ పాలు చెడ్డవి కావు. ఆ రోజు తాగితే మిగతావాటికీ వాటికీ తేడా లేదు. వాటికి లేనిది నిలవ మాత్రమే. తెల్లారీ తెల్లారకుండానే అన్ని పాలు తూములో పోయడం వదినకు చేతకాలేదు. ఏడుగురు పిల్లల ఇంట్లో పుట్టింది, గ్లాసు అడుగున మిగిలిన చుక్కను నీళ్ళతో కలిపి తాగిన మనిషి. మేస్త్రీని బతిమాలి ఓ అయిదారు సీసాలు పక్కన పెట్టించుకుని పనివాళ్ళకు పంచేది, రెండు ఇంటికి తెచ్చేది. దానికి ఆవిడే ఒక నియమం పెట్టుకుంది. ఎవరికిచ్చినా ముందు రేకు చింపి ఇవ్వాలి. "రేకు లేని సీసాని ఎవరూ దాచుకోరు," అనేది. సంతకం మేస్త్రీది, నియమం ఆవిడది. అలా ఏళ్ళు గడిచాయి.

ఆ నియమం తప్పింది నా వల్ల.

నేను అప్పట్లో బడి లైబ్రరీలో పనిచేసేదాన్ని. పెళ్ళి కాలేదు, అన్నయ్యా వదినా దగ్గరే ఉండేదాన్ని. పుస్తకం పట్టుకుంటే నాకు చుట్టూ ప్రపంచం ఉండేది కాదు. "దానితో చెప్పడం, గోడతో చెప్పడం ఒకటే. గోడ నయం, ఊఁ అనదు," అనేవాడు అన్నయ్య. ఒకరోజు వదిన సంచిలో రేకు చింపిన సీసా బస్సు కుదుపుకి ఒరిగి ఒలికిపోయింది. అదే సంచిలో తను నాకోసం ఊరి లైబ్రరీ నుంచి తీసుకొస్తున్న పుస్తకం ఉంది. సగం పేజీలు పాలలో నాని అట్టలా అతుక్కుపోయాయి. నేను రెండు రోజులు ముఖం ముడుచుకున్నాను. "రేకు ఉంచి తెస్తే నీ సొమ్మేం పోయింది వదినా?" అని కూడా అన్నాను.

ఆ మరుసటి వారం ఆవిడ రెండు సీసాలు రేకు తీయకుండా తెచ్చింది.

మధ్యాహ్నం మూడున్నర. నేను కిటికీ దగ్గర కూర్చుని చదువుతున్నాను. ఓడ ఒకటి మంచులో ఇరుక్కుపోయి ఉంది, లోపల మనుషులు తోలు బూట్లు ఉడకబెట్టుకుంటున్నారు. వదిన సీసాలు బల్ల మీద పెట్టి, "ఇవాళే తాగేయండి, రేపటికి ఉంచకండి," అంది. నేను తలెత్తలేదు. చెప్పులు విప్పి, మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ అంది. "విన్నావా? రేపటికి ఉంచకండి."

"ఊఁ," అన్నాను.

విన్నాను. ఈ మాట ఇప్పుడు రాస్తున్నాను గానీ, రాయడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది. విన్నాను, ఊఁ అన్నాను, ఓడ దగ్గరికి వెళ్ళిపోయాను. సాయంత్రం బల్ల తుడుస్తూ ఆ సీసాలు తీసి పిండి డబ్బా వెనక పెట్టింది కూడా నేనే. తాగేశామనుకుని వదిన మళ్ళీ అడగలేదు.

పదకొండో రోజు సెలవు. మా పైవాటాలో ఒక తాతగారు కూతురితో ఉండేవారు. గడియారాలు బాగుచేసే పని చేసి మానేసిన మనిషి. ఎప్పుడో జ్వరం వచ్చి ముక్కు పనిచేయడం మానేసిందట. "ఇంట్లో మాడిందో లేదో నన్నడక్కు, నా ముక్కు అలంకారానికి," అనేవారు. ఆ పొద్దున్న పాలవాడు రాలేదు, కూతురు ఊరెళ్ళింది. మాత్ర వేసుకోవడానికి కాసిని పాలుంటే ఇమ్మని ఆయన మెట్లు దిగి వచ్చారు. పిండి డబ్బా వెనక సీసాలు నాకు అప్పుడు గుర్తొచ్చాయి. తీసి చూశాను. తయారైన తేదీ ఉంది, కింద 'అరవై రోజులు' అని ఉంది. వేళ్ళ మీద లెక్కపెట్టాను. పదకొండు. ఇంకా నలభై తొమ్మిది మిగిలాయి.

"చదువుకున్న పిల్లవి, చూసే ఇస్తున్నావుగా?" అన్నారాయన నవ్వుతూ.

"అచ్చులో ఉంది తాతగారూ," అన్నాను.

మర్నాడు పొద్దుటికల్లా ఆయన్ని ఆసుపత్రిలో చేర్చారు. వాంతులు, విరేచనాలు, ఒంట్లో నీరంతా పోయి పెదవులు ఎండి పగిలాయి. అర్ధాంతరంగా వచ్చిన కూతురు వంటగదిలో ఖాళీ సీసా వాసన చూసి, దాన్ని సంచిలో వేసుకుని నేరుగా ఫ్యాక్టరీకి పట్టుకెళ్ళింది.

వదిన ఆ రోజు మామూలు కంటే గంట ముందే ఇంటికి వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

"తాతగారు తాగింది మన పాలట. కొట్లో కొన్నారా?"

"నేనిచ్చాను వదినా. ఇంట్లో ఉన్నవే," అన్నాను.

"ఇంట్లో ఎక్కడున్నాయి?"

రెండో సీసా తీసి చూపించాను. ఆవిడ దాన్ని ముట్టుకోకుండా ముందు వంగి చూసింది. మూత తిప్పి తీసింది. కింద రేకు పూరీలా పొంగి ఉంది. గోటితో దాని మీద టక్‌మని కొట్టి చెవి పెట్టింది. తర్వాత సీసా వెలుతురుకి తిప్పి తేదీ పక్కన ఉన్న చిన్న అంకెలు చదివింది.

"ఆరూ పన్నెండు," అంది. అని కుర్చీలో కూర్చుండిపోయింది. "ఇవి ఆ రోజు నేను తెచ్చినవే. ఎందుకుంచావే తల్లీ? ఇవాళే తాగమని చెప్పాను కదా?"

ఆవిడ తిట్టలేదు. అడిగింది, అంతే. అప్పటికి తాతగారు బతుకుతారో లేదో తెలియదు. పైన కూతురి ఏడుపు మా కప్పు మీదుగా వినిపిస్తోంది. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలుసు, భయంతో వచ్చింది. కానీ వచ్చింది మాత్రం చాలా మామూలు గొంతుతో.

"నువ్వు చెప్పలేదు వదినా."

ఆవిడ నా వైపు చూసింది. "చెప్పలేదా?"

"లేదు. బల్ల మీద పెట్టి మొహం కడుక్కోవడానికి వెళ్ళావు."

"మళ్ళీ వచ్చి కూడా చెప్పినట్టు గుర్తు..."

"లేదు వదినా," అన్నాను.

మర్నాడు పది గంటలకు ఫ్యాక్టరీలో విచారణ. ముందురోజు సాయంత్రమే సీలు మేస్త్రీ మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలోంచే మొదలుపెట్టాడు.

"నా నెత్తిన పాలు పోస్తావనుకున్నానే, ఇలా పోశావేంటమ్మాయీ! నలభై కోశానని పుస్తకంలో సంతకం నాది. మేనేజరు వేలు పెట్టి చూపించాడు. 'కోసిన సీసా నడుచుకుంటూ వెళ్ళిందా మేస్త్రీ?' అని అడిగాడు. నేనేమన్నానో తెలుసా? తెలీదన్నాను. ఈ ముసలాడికి మతిమరుపు అనుకోనీ. నువ్వు నోరు మూసుకో."

"మీ ఉద్యోగం పోతుంది బాబాయ్."

"పోతే పోనీ, ఇంట్లో మీ పిన్ని పోరుకి ఆ మిషను హోరే నయమనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇక ఆ పోరే వింటాను." నవ్వబోయాడు గానీ నవ్వు నిలబడలేదు. "నీకు బుద్ధుందా అసలు? రేకు చింపకుండా ఎలా ఇచ్చావు? నువ్వా? ఇరవై నిమిషాలకి ఒక్క నిమిషం తగ్గించనిదానివి!"

వదిన నా వైపు చూడలేదు. పాలలో నానిన పుస్తకం మాట ఎత్తలేదు.

విచారణలో ఏం జరిగిందో మేస్త్రీ తర్వాత నాకు చెప్పాడు. ఆ సీసాలు నింపిన రోజు మిగతావాటిలోంచి గంటకు రెండు చొప్పున పరీక్షకని వెచ్చటి గదిలో దాచి ఉంచినవి తెప్పించారు. ఒక్కటి పొంగలేదు. తప్పు మొదటి నలభైలోనే ఉందని తేలింది. మేస్త్రీ మతిమరుపు కథ మొదలుపెట్టగానే వదిన లేచి నిలబడిందట. "బాబాయ్ కోసేవాడే. నేను అడిగి తీసుకున్నాను. ఇన్నేళ్ళుగా తీసుకుంటున్నాను," అందట.

మేనేజరు చెడ్డవాడు కాడు. "తీసుకెళ్ళడం ఒక తప్పు. దానికి నెల రోజులు ఇంట్లో కూర్చో, మళ్ళీ రా. కానీ నిలవ ఉండదని తెలిసి, ఆ మాట చెప్పకుండా ఇచ్చావంటే అది వేరు. అలాంటి మనిషిని ఆ గదిలో ఉంచలేను. చెప్పి ఇచ్చావా, చెప్పకుండా ఇచ్చావా?" అని అడిగాడట.

"అప్పుడు మీ వదిన ఎంతసేపు ఊరుకుందో తెలుసా?" అన్నాడు మేస్త్రీ. "నేను గోడ గడియారం చూశాను. చెప్పి ఇచ్చానని ఒక్క మాట అంటే అయిపోయేది. ఎవరడుగుతారు? నేను సైగ చేశాను కూడా. చివరికి, 'చెప్పాననుకున్నాను సార్. చెప్పలేదట,' అంది. తన మాట గురించి తనే ఎవరినో అడిగి తెలుసుకున్నట్టు! ఎవరన్నారమ్మా చెప్పలేదని?"

నేను పొయ్యి దగ్గరికి వెళ్ళి ఆయనకు టీ పెట్టాను.

మేస్త్రీకి రెండు నెలల జీతం కోసి వదిలేశారు. వదినను ట్రేలు కడిగే షెడ్డులోకి మార్చారు. కొట్ల నుంచి తిరిగొచ్చిన మట్టి కొట్టుకున్న ట్రేలు, చీమలు పట్టిన ట్రేలు. రేకుల పైకప్పు, సిమెంటు నేల, గొట్టంతో కొట్టే చల్లనీళ్ళు. పదకొండేళ్ళు అక్కడే పనిచేసి మానుకుంది. తెల్ల టోపీ, నోటి గుడ్డ అక్కర్లేదు. ఎవరూ నిమిషాలు లెక్కపెట్టక్కర్లేదు. కొన్నాళ్ళు పాత అలవాటు కొద్దీ అక్కడ కూడా నిటారుగా నిలబడేదట. తర్వాత మానేసింది.

తాతగారు పద్దెనిమిది రోజులకు ఇంటికి వచ్చారు. చేతికర్ర వచ్చింది, మెట్లు దిగడం పోయింది. ఆయన కూతురు వదినతో మళ్ళీ మాట్లాడలేదు. నాతో మాత్రం మాట్లాడేది. మెట్ల మీద ఎదురైతే నా చెయ్యి పట్టుకుని, "నీ తప్పేముందమ్మా, నీకేం తెలుసు? తెలిసినవాళ్ళు చెప్పాలి," అనేది. ఆ చెయ్యి విడిపించుకోవడానికి నాకు ధైర్యం చాలేది కాదు. వదిన వెనక నుంచి సంచులు మోసుకుంటూ వచ్చి మా పక్కగా దారి చేసుకుని వెళ్ళేది.

ఆ తర్వాతే ఆవిడకు ఆ అలవాటు పట్టుకుంది. "కూరలో ఉప్పు వేశాను, చెప్పానా?" "స్టవ్ ఆపాను, చెప్పానా?" "రేపు నీళ్ళు రావట, చెప్పానా?" గుమ్మం దాటి బస్సు స్టాపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, "తాళం చెవి కిటికీ మీద పెట్టానని చెప్పానా?" అని అడిగి వెళ్ళేది. అన్నయ్య మొదట్లో నవ్వేవాడు. "చెప్పావు, నాలుగుసార్లు చెప్పావు, రాసి సంతకం పెట్టమంటావా?" అనేవాడు. షెడ్డులో ఇరవై నిమిషాలక్క పోయి 'చెప్పానా అక్క' అయింది. అదీ ఎదురుగానే పిలిచేవారు. ఆవిడ పలికేది.

ఆ మాట ఎక్కడ పుట్టిందో ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. ప్రతిసారీ, "చెప్పావు వదినా," అనేదాన్ని. అంత మాత్రం ఇవ్వగలిగాను.

నిజం చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. తాతగారు పోయినప్పుడు అనుకున్నాను, అప్పుడాయన తొంభైకి దగ్గర్లో ఉన్నారు. వదిన పని మానుకున్న రోజు అనుకున్నాను. అన్నయ్య పోయినప్పుడూ అనుకున్నాను, ఇల్లంతా జనం. ప్రతిసారీ ఏదో ఒక కారణం దొరికేది. ఆవిడ మర్చిపోయిందేమో, గుర్తుచేసి గాయం రేపడమెందుకు అని నాకు నేనే పెద్దమనిషి మాటలు చెప్పుకునేదాన్ని. పుస్తకాలు చదివినవాళ్ళకి కారణాలు వెతుక్కోవడం తొందరగా వస్తుంది.

చివరికి ఆ ఇంట్లో ఇద్దరం మిగిలాం. ఆవిడకు ఎనభై దగ్గర పడింది, చూపు మందగించింది. పళ్ళు లేవు, అన్నం సయించేది కాదు. డాక్టరు సీసా పాలు పట్టమన్నారు. అదే ఫ్యాక్టరీవి, పేరు మారింది. నేను సీసా తేగానే ఆవిడ చెయ్యి చాపేది. మూత తీయించి, రేకు మీద గోటితో టక్‌మని కొట్టి వినేది.

"టైమెంత ఉంది చదువు."

"తేదీ కావాలా వదినా?"

"తేదీ నాకెందుకు? టైము."

"ఎనిమిదీ నలభై," అనేదాన్ని. అప్పుడు తాగేది.

ఒకరోజు తెచ్చిన సీసా మీద 'ఆరూ తొమ్మిది' అని ఉంది. ఏడూ తొమ్మిది అని చదవొచ్చు, ఆవిడకి కనపడదు. నోటి దాకా వచ్చింది.

"ఆరూ తొమ్మిది," అన్నాను.

"ఇప్పుడు మిషన్లు వేరట, పెట్టగానే కాగుతాయట," అంది వదిన. "అయినా పారబోసెయ్. పారబోశావా? నేను చెప్పానా?"

నేను సీసా పట్టుకుని అక్కడే నిలబడ్డాను. తర్వాత మంచం పట్టె మీద కూర్చున్నాను.

"చెప్పావు వదినా. ఆ రోజు కూడా చెప్పావు."

"ఏ రోజు?"

"తాతగారి పాలు. 'ఇవాళే తాగేయండి, రేపటికి ఉంచకండి,' అన్నావు. నేను విన్నాను. ఊఁ అన్నాను. ఆయన ఆసుపత్రిలో చేరాక భయమేసి చెప్పలేదన్నాను."

ఆవిడ కనపడని కళ్ళతో నా వైపు తిరిగింది.

"చెప్పానా?" అంది.

"చెప్పావు."

"ఒకసారేనా?"

"రెండుసార్లు. మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ చెప్పావు."

"మొహం కడుక్కుని వచ్చి," అంది తనలో తను. దుప్పటి అంచు వేళ్ళతో పట్టుకుని మడతలు పెట్టింది, విప్పింది. "అదే, నాకు తువ్వాలు తడి గుర్తుంది. ఆ తువ్వాలుతోనే నీ ముందు నిలబడ్డాను."

నేను ఏడుస్తుంటే ఊరుకోమనలేదు. కాసేపటికి, "ఆ సీసా పారబోసి రా. చెయ్యి కడుక్కో," అని గోడ వైపు తిరిగి పడుకుంది.

ఆ తర్వాత ఆవిడ అయిదు నెలలే బతికింది. నాతో మాటలు తగ్గించింది. పాలు పడితే తాగేది, మందు వేస్తే వేసుకునేది, నేను పుస్తకం చదివి వినిపిస్తానంటే వద్దనేది. ఆ అయిదు నెలల్లో ఒక్కసారి కూడా 'చెప్పానా' అని అడగలేదు.